మెష్ నమూనాకు ముందు బహుభుజులు, రేఖల శుద్ధి – సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఆధారంగా ఒక పరిశీలన

భూగర్భజలాల కదలికను గాని, వరద వ్యాప్తిని గాని కంప్యూటరులో అంచనా వేయడానికి ముందు ఆ ప్రాంతాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా విభజిస్తారు. ఈ త్రిభుజాల అల్లికనే మెష్ అంటారు. ఒక్కొక్క త్రిభుజానికి నేల స్వభావం, నీటి మట్టం, ఊట పరిమాణం కేటాయించి, ఒకదాని నుంచి పక్కదానికి ఎంత నీరు పోతుందో లెక్కగడతారు. చెరువులు, నేల రకాలు, శిలల విస్తరణ బహుభుజులుగాను, కాలువలు, వాగులు, కట్టలు రేఖలుగాను మెష్‌లోకి ప్రవేశిస్తాయి. మెష్‌ను తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఈ గీతల మంచిచెడ్డలను విచారించదు. రేఖపై ఉన్న ప్రతి బిందువు వద్ద ఒక త్రిభుజపు కొన ఉండి తీరాలన్న నియమాన్ని మాత్రం పాటిస్తుంది. కాబట్టి పటం గీసినప్పుడు దొర్లిన లోపాలన్నీ నమూనాలోని నీటి లెక్కకు సంక్రమిస్తాయి.

ఈ లోపాలను ముందుగానే సరిచేసే పనిని సాధారణంగా యాంత్రికమైన పనిగా భావించి, పరిశోధక విద్యార్థికి చివరి వారంలో అప్పగించడం కనిపిస్తుంది. నిజానికి ఏ గీతను నిలపాలి, దేనిని కలపాలి, దేనిని తొలగించాలి అన్న ప్రతి నిర్ణయమూ ఏ పొలానికి నీరు అందుతున్నట్లు నమూనా చూపుతుందో నిర్ణయిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ విషయం స్పష్టంగా తెలుస్తుంది.

ప్రాంత స్వరూపం

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడుదలైంది. ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, మిర్యాలగూడ వైపు నుంచి హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా పాలేరు జలాశయం వైపు సాగుతుంది. మూసీ నది సూర్యాపేట ప్రాంతం గుండా దక్షిణంగా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఉత్తరాన తుంగతుర్తి వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల ద్వారా గోదావరి నీరు చేరుతుంది. వీటి మధ్య పాత గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. ఉత్తర భాగంలో గ్రానైటు శిలలు, దక్షిణాన మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి విస్తరించి ఉన్నాయి. కాలువ నీటితో వానకాలం వరి పండించిన రైతే యాసంగిలో అదే పొలానికి బోరు నీటిని ఆశ్రయించే పరిస్థితి ఉన్నందున, కాలువ నుంచి భూమిలోకి ఇంకే నీటిని సరిగా లెక్కించడం ఇక్కడి నమూనాకు ప్రాణం వంటిది.

గీతల మూలాలు

ఒకే నమూనాలోకి వచ్చే గీతలు వేర్వేరు మూలాల నుంచి వస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటుపై అర మిల్లీమీటరు మందం గల గీత నేలపై 25 మీటర్లకు సమానం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో చిన్న గడి 10 మీటర్లు. ఆ చిత్రం నుంచి చెరువు హద్దును యాంత్రికంగా గ్రహిస్తే అది గడుల అంచుల వెంట మెట్లు మెట్లుగా వస్తుంది. నీటిపారుదల శాఖ కాలువ పటాలకు ఒక ఖచ్చితత్వం, విద్యార్థి తెరపై మౌసుతో గీసిన పిల్ల కాలువలకు మరొక ఖచ్చితత్వం ఉంటాయి. ప్రతి పొరకు దాని మూలం, తేదీ, అంచనా దోషం ఎన్ని మీటర్లో పట్టికలో నమోదు చేయనిదే శుద్ధి మొదలుపెట్టరాదు.

తేదీకి ఉన్న ప్రాముఖ్యాన్ని కృష్ణా తీరం చూపుతుంది. నమూనాకు దక్షిణ హద్దుగా నదిని తీసుకోవడం సహజమే. కాని పాత టోపోషీటులో ఇసుకమేటల మధ్య పాయలుగా కనిపించే నది, 2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టును జాతికి అంకితం చేసిన తరువాతి కాలంలో 53.34 మీటర్ల పూర్తి మట్టం గల జలాశయంగా మారింది. పాత గీతను ఎంత శుభ్రపరచినా ప్రయోజనం లేదు. దాని స్థానంలో జలాశయపు అంచును ఉంచవలసి ఉంటుంది.

చెరువులకూ ఇదే వర్తిస్తుంది. సెప్టెంబరు చిత్రంలో నిండుగా ఉన్న చెరువు మార్చి నాటికి కట్ట దగ్గరకు కుంచించుకుపోతుంది. వేసవి చిత్రం నుంచి హద్దు తీసుకుంటే చెరువులో కలిసే కాలువ దానికి వంద మీటర్ల దూరంలో ఆగిపోయినట్లు కనిపిస్తుంది. ఇది అతికించి సరిచేయవలసిన దోషం కాదు. పూర్తి నీటిమట్టపు హద్దును తీసుకుంటే ఆ ఎడం దానంతట అదే పోతుంది. శిఖం భూమిలో వేసవి పంట వేసే చోట ఆ భాగాన్ని చెరువులో ఒక ఉప బహుభుజిగా చూపవచ్చు.

మెష్‌కు అక్కరలేని గీతలు

శుద్ధిలో మొదటి పని తొలగింపు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ ఆ జిల్లాలోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. కాలువ నీటికి ఈ హద్దుతో నిమిత్తం లేదు. అయినప్పటికీ జిల్లా, మండల, గ్రామ సరిహద్దులను మెష్‌లో చేర్చే అలవాటు విస్తృతంగా ఉంది. గ్రామ సరిహద్దు కాలువ గీతకు రెండు మీటర్ల ఎడంతో కిలోమీటరు పొడవునా సాగితే, ఆ రెండు మీటర్ల సందులో సాఫ్ట్‌వేర్ వందలాది సన్నని త్రిభుజాలను ఇరికిస్తుంది. గ్రామాలవారీ ఫలితాలు కావాలంటే నమూనా నడిచిన తరువాత ఫలితాలపై గ్రామ పటాన్ని పరచి సగటు తీస్తే సరిపోతుంది. నీటి ప్రవాహాన్ని, నిల్వను లేదా నేల గుణాన్ని మార్చే గీతలకే మెష్‌లో స్థానం ఉండాలి.

కొలమానం

అక్షాంశ రేఖాంశ డిగ్రీలలో ఉన్న పటంపై శుద్ధి చేయడం తరచుగా కనిపించే తప్పు. అతికింపు దూరం 0.001 అని ఇచ్చిన విద్యార్థి దానిని మిల్లీమీటరుగా భావిస్తాడు. డిగ్రీలలో అది సుమారు 110 మీటర్లు. అంత దూరంలో కాలువ, దాని పక్క రోడ్డు, రోడ్డు అవతలి వాగు అన్నీ ఒకే గీతలో కలిసిపోతాయి. పైగా 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఒక డిగ్రీ తూర్పు పడమరలుగా దాదాపు 106 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా దాదాపు 111 కిలోమీటర్లు ఉన్నందున అతికింపు రెండు దిశలలో రెండు విధాలుగా పనిచేస్తుంది. ఈ ప్రాంతమంతా యూటీఎం 44వ ఉత్తర మండలంలోకి వస్తుంది. అన్ని పొరలనూ ముందుగా ఆ మీటర్ల కొలమానంలోకి మార్చుకోవాలి.

అతికింపు దూరానికి రెండు హద్దులు ఉన్నాయి. అది పటం దోషం కంటే తక్కువైతే లోపాలు అలాగే మిగిలిపోతాయి. విడిగా ఉంచవలసిన రెండు గీతల మధ్య ఉన్న అతి తక్కువ ఎడంలో సగానికి మించితే నిజమైన వాటినే కలిపేస్తుంది. టోపోషీటు దోషం 25 మీటర్లు, కాలువకు మురుగు కాలువకు మధ్య ఎడం 15 మీటర్లు అయినప్పుడు ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేరవు. అలాంటి చోట అన్ని పొరలను కలిపి ఒకేసారి అతికించకుండా, ఖచ్చితమైన పొరను కదలనిదిగా నిలిపి, మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా దానికి అతికించాలి. కాలువ సర్వే గీత నిలబడాలి, చెరువు హద్దు దాని వద్దకు కదలాలి.

బహుభుజుల దోషాలు

చెరువు హద్దు గీసేటప్పుడు బిందువుల వరుస తప్పి గీత తనను తానే దాటితే 8 అంకె ఆకారం ఏర్పడుతుంది. దాని రెండు భాగాలూ వ్యతిరేక దిశలలో చుట్టబడినందున వైశాల్య సూత్రం ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తుంది. ఒక భాగం 4 హెక్టార్లు, మరొకటి 3 హెక్టార్లు అయితే చెరువు వైశాల్యం 1 హెక్టారుగా తేలుతుంది. సున్నా దూరపు బఫర్ ఇచ్చి ఈ దోషాన్ని పోగొట్టే చిట్కా బహుళ ప్రచారంలో ఉంది. ఆ చిట్కా దోషంతో పాటు కొన్నిసార్లు చెరువులో ఒక భాగాన్నే మాయం చేస్తుంది. క్యూజీఐఎస్‌లోని ‘ఫిక్స్ జామెట్రీస్’ వంటి సాధనం వాడినప్పుడు కూడా ముందు, తరువాత వైశాల్యాలను పక్కపక్కన ఉంచి చూడాలి.

నేలల పటాన్ని భూవినియోగ పటంపై పరచినప్పుడు వచ్చే సన్నని చీలికలు మరో రకం. వీటిని వైశాల్యంతో మాత్రమే గుర్తించడం సరికాదు, చిన్న కుంట కూడా తక్కువ వైశాల్యం గలదే. వైశాల్యాన్ని 4π తో గుణించి చుట్టుకొలత వర్గంతో భాగిస్తే వృత్తానికి 1 వస్తుంది. 500 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల చీలికకు దాదాపు 0.02 మాత్రమే వస్తుంది. విలువ బాగా తక్కువగా ఉన్నవాటిని, పొడవైన ఉమ్మడి హద్దు గల పొరుగు బహుభుజిలో కలపవచ్చు. చెరువు కట్ట కూడా ఈ పరీక్షలో చీలికగానే తేలుతుందని మరువరాదు. కట్టను రేఖగా మార్చుకున్న తరువాతే చీలికలను తొలగించాలి.

వేలాడే కొనలు, చివరి ఆయకట్టు

ఒక కొన మరే రేఖకూ తగలకుండా ఉన్న గీతను పటశాస్త్రంలో వేలాడే రేఖ, అనగా డాంగిల్, అంటారు. దాదాపు ప్రతి శుద్ధి సాధనమూ దీనిని దోషంగానే పరిగణిస్తుంది. గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లోని ‘వి.క్లీన్’కు చెందిన ‘ఆర్‌ఎండాంగిల్’ పద్ధతి నిర్ణీత పొడవు కంటే తక్కువ ఉన్న వేలాడే రేఖలను తొలగిస్తుంది. పొడవుకు బదులు ఋణ విలువ ఇస్తే పొడవుతో నిమిత్తం లేకుండా తొలగిస్తుంది. రోడ్ల పటానికో, భూకమతాల పటానికో ఇది ఉపకరించే సాధనమే.

సాగునీటి వ్యవస్థ స్వరూపం వేరు. ప్రధాన కాలువ నుంచి మేజర్, మేజర్ నుంచి మైనర్, మైనర్ నుంచి తూము, తూము నుంచి పిల్ల కాలువ చీలుతాయి. పిల్ల కాలువ ఏదో ఒక మడి దగ్గర ఆగిపోతుంది. అనగా చివరి ఆయకట్టు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఒక వేలాడే కొన ఉంటుంది. సాధనం దృష్టిలో దోషాల జాబితా, ఆయకట్టుదారు దృష్టిలో చివరి పొలాల జాబితా దాదాపు ఒకటే. తొలగింపును మళ్లీ మళ్లీ నడిపితే పిల్ల కాలువలు పోయిన చోట మైనర్లు, మైనర్లు పోయిన చోట మేజర్లు వేలాడే రేఖలై అవి కూడా పోతాయి.

దీని ఫలితం నమూనాలో రెండు వైపులా కనిపిస్తుంది. చివరి భూములకు కాలువ ఊట లేనట్లు తేలి అక్కడి బోర్ల నీటిమట్టం ఉన్నదాని కంటే తక్కువగా వస్తుంది. కాలువకు కేటాయించిన మొత్తం ఊట మిగిలిన గీతలకే పంచబడి ఎగువన నీటిమట్టం ఎక్కువగా వస్తుంది. యాసంగిలో ఏ గ్రామాలకు ఆరుతడి పంటలు సూచించాలి, ఎక్కడ మురుగు పారుదల అవసరం అన్న విస్తరణ సలహా ఈ ఫలితం మీద ఆధారపడితే అది తప్పు గ్రామాలకు చేరుతుంది. నీటి కోసం ఏటా ఎదురుచూసే చివరి రైతుకు పటంలో కూడా చోటు లేకుండా పోవడం సామాన్యమైన సాంకేతిక లోపం కాదు.

కాబట్టి తొలగింపుకు ముందు వేలాడే కొనలను మూడు తరగతులుగా విడదీయాలి. కూడలిని దాటి ముందుకు పోయిన మిగులు ముక్క మొదటిది. దాని పొడవు సాధారణంగా పటం దోషానికి మించదు, దానిని నిస్సంకోచంగా కత్తిరించవచ్చు. కూడలికి లేదా చెరువుకు కొద్ది దూరంలో ఆగిన గీత రెండవది. దానిని తొలగించకుండా పొడిగించాలి. నిజంగా పొలంలో ముగిసే గీత మూడవది. దాని పట్టికలో ‘చివర’ అన్న గుర్తు చేర్చి, శుద్ధి సాధనానికి అందకుండా ప్రత్యేక పొరలో ఉంచి, పని ముగిసిన తరువాత తిరిగి చేర్చాలి. మెష్ పరిమాణం దృష్ట్యా పిల్ల కాలువలను గీతలుగా ఉంచడం సాధ్యం కాకపోతే, వాటి ఊటను అవి పారే పొలాల బహుభుజికి పంచాలి. గీత పోయినా దాని నీరు మిగలాలి.

ఏ కొన ఏ తరగతిదో తెరపై చూసి తేల్చడం కష్టం. కాలువపై పనిచేసే లష్కరుకు, చెరువు కింద నీరు పంచే నీరటికి అది చూడకుండానే తెలుసు. అనుమానాస్పద కొనలను మాత్రమే ముద్రించిన పటం తీసుకుని వారితో ఒక పూట నడిస్తే తేలే విషయానికి గణిత పద్ధతులు వెతకడం అనవసర శ్రమ. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తల క్షేత్ర పర్యటనలతో ఈ పరిశీలనను సులభంగా జతచేయవచ్చు.

దాటడం వేరు, కలవడం వేరు

మిర్యాలగూడ వైపు నుంచి కోదాడ వైపు సాగే ఎడమ కాలువ మూసీని దాటక తప్పదు. దారిలో ఎన్నో వాగులను కూడా దాటుతుంది. కొన్ని చోట్ల వాగు కాలువ కింద నుంచి అండర్ టన్నెల్ ద్వారా పోతుంది, కొన్ని చోట్ల కాలువే అక్విడక్టుపై వాగును దాటుతుంది. పటంలో మాత్రం రెండూ ఒకదానినొకటి ఖండించుకునే గీతలే. శుద్ధి సాధనం ఖండన స్థానంలో బిందువు చేర్చి రేఖలను ముక్కలు చేస్తుంది. త్రిభుజాల నిర్మాణానికి ఆ బిందువు తప్పనిసరి. కాని దానికి ఒకే నీటిమట్టం కేటాయిస్తే కాలువ నీరు వాగులోకి జారిపోయినట్లు నమూనా లెక్కిస్తుంది. ఆ బిందువు వద్ద కాలువను, వాగును వేర్వేరు షరతులుగా ఉంచి, కూడలి రకాన్ని పట్టికలో వ్రాసుకోవాలి.

వరద నమూనాలో కాలువ నీటి మార్గం మాత్రమే కాదు, అడ్డుగట్టు కూడా. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాల నడుమ నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడి దిగువ పొలాలు నీట మునిగాయి. ఇలాంటి ఘటనను నమూనాగా మలచేటప్పుడు కట్ట గీత త్రిభుజాల అంచులతో కచ్చితంగా ఏకీభవించాలి. లేకపోతే కట్ట ఎత్తు త్రిభుజపు సగటులో కరిగిపోయి నీరు కట్ట మీదుగా పారుతుంది. రెండు పూటలలో గీసిన కట్ట గీతల మధ్య ఐదు మీటర్ల ఖాళీ మిగిలిపోతే నమూనాలో అది మరో గండి అవుతుంది. అసలు గండి వల్ల మునిగిన పొలమేదో, గీత ఖాళీ వల్ల మునిగిన పొలమేదో తరువాత వేరుచేయడం ఎవరి తరమూ కాదు. ఈ కారణం చేత కట్ట గీతల కొనలన్నింటినీ విడిగా జాబితా వేసి, ఒక్కొక్కటి నేలపై నిజంగా ఎక్కడ ముగుస్తుందో చూడాలి.

సరళీకరణ, బిందువుల ఎడం

అతికింపు ముగిసిన తరువాతే సరళీకరణ చేయాలి. ముందుగా చేస్తే పక్కపక్కనున్న రెండు బహుభుజుల ఉమ్మడి హద్దు రెండు రకాలుగా సరళమై కొత్త చీలికలు పుడతాయి. ఉమ్మడి హద్దును ఒకే గీతగా భావించే సాధనాన్నే వాడాలి. 1973లో డగ్లస్, పాయికర్ ప్రచురించిన పద్ధతి నిర్ణీత దూరానికి లోబడిన వంకరలను వదిలేస్తుంది. సెంటినెల్ మెట్లకు 10 మీటర్ల దూరం ఇస్తే చాలా వరకు పోతాయి. 4 కిలోమీటర్ల చుట్టుకొలత గల చెరువుకు మెట్ల వల్ల దాదాపు 400 బిందువులు ఉంటాయి. 100 మీటర్ల త్రిభుజాలకు కావలసినవి 40 మాత్రమే. సరళీకరణ తరువాత కొన్ని చోట్ల బిందువుల ఎడం 800 మీటర్లకు పెరిగి ఉండవచ్చు. అక్కడ మధ్యలో బిందువులు చేర్చి ఎడాన్ని క్రమబద్ధం చేయాలి. తూము, అలుగు ఉన్న బిందువులను మాత్రం సరళీకరణ తాకకుండా ముందే కట్టడి చేయాలి.

600 చదరపు కిలోమీటర్ల ఖండాన్ని 200 మీటర్ల సమబాహు త్రిభుజాలతో నింపితే దాదాపు 35 వేల త్రిభుజాలు చాలు. చిక్కు వాటి సంఖ్యతో కాక చిన్న త్రిభుజాలతో వస్తుంది. కొన్ని వరద నమూనాలలో గణన కాలాంతరం అతి చిన్న త్రిభుజాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఒక మీటరు లోతున, సెకనుకు మీటరు వేగంతో పారే నీటిలో తరంగ వేగం కలుపుకొని సుమారు 4 మీటర్లు. 200 మీటర్ల త్రిభుజానికి 50 సెకన్ల అంతరం అనుమతించబడితే 2 మీటర్ల త్రిభుజానికి అర సెకనే. ఎక్కడో అతుకు సరిగా పడని ఒక్క చోటు కోసం మొత్తం గణన వంద రెట్లు నెమ్మదిస్తుంది. అప్పుడు సమయం చాలక నమూనా విస్తీర్ణాన్ని తగ్గిస్తారు. అలా తగ్గించినప్పుడు కోతపడేది తరచుగా దూరాన ఉన్న చివరి భాగమే.

కోణాల విషయం కూడా ఉంది. 1995లో రూపర్ట్ ప్రతిపాదించిన పద్ధతి త్రిభుజాల కనిష్ఠ కోణాన్ని దాదాపు 20.7 డిగ్రీల వరకు హామీ ఇస్తుంది. కాని ఇచ్చిన గీతలే అంతకంటే ఇరుకైన కోణంలో కలిస్తే ఏ పద్ధతీ ఏమీ చేయలేదు. మేజర్ ప్రధాన కాలువకు 8 డిగ్రీల కోణంలో చీలినట్లు గీస్తే 300 మీటర్ల దూరం పోయినా రెండింటి మధ్య ఎడం 42 మీటర్లే. తూము స్థానాన్ని కదల్చకుండా, మేజర్ మొదటి ముక్కను కాలువకు లంబంగా మలిచి తరువాత దాని దారిలో కలపడం వ్యవహారంలో మేలైన సవరణ.

సరిచూసుకోవడం

శుద్ధి చేసిన ఫైలును మూల ఫైలుతో పోల్చేందుకు కొన్ని అంకెలు చాలు. చెరువుల సంఖ్య, మొత్తం వైశాల్యం, ప్రతి తరగతి కాలువ మొత్తం పొడవు ముందు ఎంత, తరువాత ఎంత అన్నది పట్టిక వేయాలి. ప్రధాన కాలువ పొడవు సరళీకరణ వల్ల కొద్దిగా తగ్గడం సహజం. పిల్ల కాలువల పొడవు ఒక్కసారిగా పడిపోతే వేలాడే కొనలు తొలగినట్లే. తరువాత ప్రధాన తూము నుంచి మొదలుపెట్టి గీతల వెంట నడిచే కనెక్టివిటీ పరీక్షతో ఏ చివరి కొనలు చేరలేదో తెలుసుకోవాలి. మెష్ తయారైన పిమ్మట అతి చిన్న ఇరవై త్రిభుజాలను, అతి ఇరుకైన కోణం గల ఇరవై త్రిభుజాలను పటంపై గుర్తిస్తే, మిగిలిపోయిన దోషాలు సాధారణంగా వాటి దగ్గరే దొరుకుతాయి. ఒక్కో దోషాన్ని మెష్‌లో కాక మూల గీతలో సరిచేసి, ఏ గీతను ఏ కారణంతో మార్చినదీ తేదీతో సహా నమోదు చేయాలి. మరుసటి ఏడాది కాలువ మరమ్మతుల తరువాత మెష్‌ను తిరిగి నిర్మించే విద్యార్థికి కావలసింది ఆ నమోదే.